హైదరాబాద్‌లో అద్దెకిచ్చే ఆక్సిజన్ మిషన్లు: మిషన్ మంచిదే, బిగించే తీరే మనిషిని మంచాన పడేస్తోంది

హైదరాబాద్‌లో ఆక్సిజన్ కాన్సెంట్రేటర్, అంటే గదిలోని గాలి నుంచే ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే మిషన్, అద్దెకు దొరకడం ఇప్పుడు పెద్ద కష్టం కాదు. కోఠిలో సర్జికల్ షాపులున్నాయి, ఇంటికొచ్చి సేవ చేసే హోమ్ హెల్త్‌కేర్ కంపెనీలున్నాయి, డిశ్చార్జి రోజే మిషన్ కుదిర్చిపెట్టే ఆస్పత్రులున్నాయి. సీఓపీడీ (ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు), ఐఎల్‌డీ (ఊపిరితిత్తి గట్టిపడే జబ్బు), పాత టీబీతో దెబ్బతిన్న ఊపిరితిత్తులు ఉన్నవాళ్ల ఇళ్లలో ఈ మిషన్లు సరిచూడడం, ఆ మనుషుల చేత నడక, ఊపిరి వ్యాయామాలు చేయించడం మా పని. ఈ మూడు రకాల సర్వీసులనూ ఇక్కడ ఒక్క వైపు నుంచే తూకం వేస్తున్నాం. మిషన్ వచ్చిన ఇంట్లో ఆ మనిషి దిగులు తగ్గుతోందా, పెరుగుతోందా?

మార్కులు ముందే చెప్పేస్తాం. మిషన్లకు ఐదుకు నాలుగు, బిగించే పనికి రెండున్నర, మనిషి మనసు పట్టించుకోవడానికి ఒకటి. ఆ ఒకటి కూడా ఓపిగ్గా మాట్లాడే టెక్నీషియన్ల పుణ్యమే. అది కంపెనీ నేర్పింది కాదు.

సీఓపీడీ ఉన్నవాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి డిప్రెషన్ ఉంటుంది. మామూలు జనంతో పోలిస్తే ఇది రెట్టింపు. డిప్రెషన్ పట్టిన మనిషి ఇన్‌హేలర్ సరిగ్గా పీల్చడు, నడవడు, తినడు, మళ్లీ ఆస్పత్రి పాలవుతాడు. ఆక్సిజన్ పెడితే ఇదంతా సర్దుకుంటుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు, సర్దుకోదు. శాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) ఓ మోస్తరుగా తగ్గిన 738 మందితో అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, ఆక్సిజన్ వాడినవాళ్లకీ వాడనివాళ్లకీ జీవన నాణ్యతలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కూర్చుని ఉన్నప్పుడే శాచురేషన్ 88, అంతకంటే తక్కువ, లేదా ఏబీజీ అనే ధమని రక్త పరీక్షలో ఆక్సిజన్ పీడనం 55, అంతకంటే తక్కువ ఉన్నవాళ్లకు మాత్రం ఇది ఆయుష్షు పెంచే వైద్యం, అందులో సందేహం లేదు. వాళ్లకైనా మనసు సంగతి విడిగా చూసుకోవాల్సిందే.

మిషన్ ఎక్కడ పెట్టారు, పైపు ఎంత పొడవిచ్చారు

మేము చూసే ఇళ్లలో పరిస్థితి ఇంచుమించు ఒకేలా ఉంటుంది. టెక్నీషియన్ వస్తాడు, మంచం పక్కన ప్లగ్ చూస్తాడు, అక్కడే మిషన్ నిలబెడతాడు, రెండు మీటర్ల క్యాన్యులా (ముక్కులో పెట్టే పైపు) తగిలించి, "ఇది ఆన్, ఇది ఆఫ్, బుడగలు వస్తున్నాయి చూడండి" అని చెప్పి సంతకం పెట్టించుకుని వెళ్తాడు. ఆ క్షణం నుంచి ఆ మనిషి ప్రపంచం రెండు మీటర్లు. భోజనం మంచం మీదికే వస్తుంది, టీవీ గదిలోకి వస్తుంది, బాత్రూంకి వెళ్లడానికి పైపు తీయాలంటే భయం. నెల తిరిగేసరికి తొడల్లో కండ తగ్గి, నాలుగడుగులకే ఆయాసం వస్తుంది. ఆయాసం వచ్చిందని కదలడు, కదలడు కాబట్టి ఇంకా ఆయాసం. చుట్టాలు "పాపం, మంచం పట్టాడు" అంటారు. మంచానికి కట్టేసింది రెండు మీటర్ల పైపు.

దీనికి విరుగుడు ఖర్చున్న పనేమీ కాదు. 5 లీటర్ల (నిమిషానికి 5 లీటర్ల ఆక్సిజన్ ఇచ్చే) మిషన్లలో చాలా మోడళ్లు 15 మీటర్ల వరకు పైపును తట్టుకుంటాయి. మీ మోడల్ మాన్యువల్‌లో ఎంత రాసి ఉందో చూసి అంతవరకు తీసుకోవాలి. మిషన్‌ను హాలుకూ పడకగదికీ మధ్య, గోడకూ కర్టెన్‌కూ కనీసం ఒక అడుగు దూరంలో పెట్టించండి. మామూలు రెండు పడకగదుల ఫ్లాట్‌లో అక్కడి నుంచి హాలు, బాల్కనీ, బాత్రూం మూడూ అందుతాయి. మిషన్ చప్పుడు 40 నుంచి 50 డెసిబెల్స్ ఉంటుంది. అది తల పక్కన రాత్రంతా మోగితే నిద్ర ఉండదు, నిద్ర లేకపోతే దిగులు ముదురుతుంది. గది బయట పెడితే ఆ బాధ కూడా తప్పుతుంది.

పైపు కాళ్లకు తగలకుండా గోడ అంచు వెంట వదులు క్లిప్పులతో నడిపించాలి. బిగుతు క్లిప్పు పైపును నొక్కేస్తుంది, తలుపు సందులో పడినా అంతే. పొడవు పైపు వేశాక చివర గాలి వస్తోందో లేదో తెలుసుకోవడానికి క్యాన్యులా కొనలను గ్లాసు నీళ్లలో ముంచండి, బుడగలు గట్టిగా రావాలి. రాకపోతే ముందు అనుమానించాల్సింది హ్యుమిడిఫయర్ సీసా (ఆక్సిజన్‌కు తేమ కలిపే నీళ్ల సీసా) మూత. మర పక్కకు ఎక్కితే గాలంతా అక్కడే పోతుంది. మిషన్ మీద లీటర్లు చూపే గొట్టంలోని బంతి 2 లీటర్ల దగ్గరే నిలబడి ఉంటుంది, ముక్కు దగ్గరికి మాత్రం ఏమీ చేరదు. "మిషన్ పెట్టినా నాకేం లాభం లేదు" అనే పెద్దవాళ్ల మాటను నిరాశ కింద కొట్టిపారేయకుండా ముందు ఆ మూత విప్పి మళ్లీ బిగించి చూడండి.

అద్దె మిషన్ తీసుకునేటప్పుడు అవర్ మీటర్ చూడండి, అది ఎన్ని గంటలు తిరిగిందో చెబుతుంది. నెలల తరబడి మూలన పడి ఉన్న మిషన్ కూడా మంచిది కాదు. లోపల గాలి నుంచి నైట్రోజన్‌ను పట్టి ఉంచే జల్లెడ పదార్థం తేమ పీల్చుకుంటే ఆక్సిజన్ శాతం పడిపోతుంది. మీరు వాడే లీటర్ల దగ్గరే అనలైజర్ (ఆక్సిజన్ శాతం కొలిచే పరికరం) పెట్టి చూపించమనండి, 90 నుంచి 96 శాతం మధ్య రావాలి. కోఠి షాపుల్లో అద్దె తక్కువే కానీ అడిగితే తప్ప అనలైజర్ బయటికి రాదు. హోమ్ హెల్త్‌కేర్ కంపెనీలు ఇందులో కొంత మెరుగు. ఆస్పత్రి కుదిర్చే మిషన్లకు డాక్టర్ రాసిన లీటర్లు సరిగ్గా పెడతారు, అద్దె మాత్రం బరువు. బయటి ఫిల్టర్‌ను మన ఊరి దుమ్ముకు వారానికోసారి సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక పెట్టాలి. సీసాలో డిస్టిల్డ్ వాటర్ రోజూ మార్చాలి.

కరెంటు బిల్లు కూడా దిగులే

ఈ సంగతి ఏ సర్వీసూ చెప్పదు. 5 లీటర్ల మిషన్ సుమారు 350 వాట్లు తీసుకుంటుంది. రోజుకు 15 గంటలు నడిపితే ఐదుంపావు యూనిట్లు, నెలకు 157. ఇరవై నాలుగు గంటలూ నడిపితే నెలకు 252. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఒక్క మిషనే ఆ గీత దాటించేస్తుంది, దాటితే మొత్తం బిల్లు కట్టాలి. ఇంట్లో ఎవరూ పైకి అనకపోయినా పెద్దాయనకు లెక్క తెలుసు. అందరూ పడుకున్నాక లేచి మిషన్ ఆపేస్తారు. పొద్దున్నే శాచురేషన్ 82 ఎందుకుందో ఎవరికీ అర్థం కాదు. "నా వల్ల పిల్లలకు ఖర్చు" అన్న ఆలోచన డిప్రెషన్‌లో అన్నిటికంటే లోతుకు దిగే ముల్లు.

అందుకే ఎన్ని గంటలన్నది డాక్టర్‌తో తేల్చుకోవాలి. స్వీడన్‌లో 241 మందితో చేసి 2024లో ప్రచురించిన పరిశోధనలో రోజుకు 24 గంటలు వాడినవాళ్లకీ 15 గంటలు వాడినవాళ్లకీ, ఏడాదిలో ఆస్పత్రిలో చేరడంలోనూ చనిపోవడంలోనూ తేడా కనిపించలేదు. నిద్రలో ఎనిమిది తొమ్మిది గంటలు, పగలు ఆరేడు గంటలు పెట్టుకుంటే 15 వచ్చేస్తుంది. మిగతా తొమ్మిది గంటలు పైపు లేకుండా బాల్కనీలో, కింద అపార్ట్‌మెంట్ బెంచీ మీద, గుళ్లో కూర్చోవచ్చు. లేచి నడిస్తే శాచురేషన్ బాగా పడిపోయేవాళ్లకు నడకలోనూ ఆక్సిజన్ కావాలి. అది ఆరు నిమిషాల నడక పరీక్షలో తేలుతుంది. ఈ మాట చెప్పకుండా "పైపు తీయొద్దు" అని ఒక్క ముక్కలో చెప్పేసి వెళ్లే సర్వీసులు తెలియకుండానే హాని చేస్తున్నాయి.

కరెంటు పోతే ఏమిటన్న భయం కూడా నిద్ర పాడుచేస్తుంది. అపార్ట్‌మెంట్ జనరేటర్ చాలాచోట్ల లైట్లకూ ఫ్యాన్లకూ మాత్రమే వస్తుంది. మిషన్ ప్లగ్ ఆ లైన్‌లో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో ముందే చూపించుకోండి. ఇన్వర్టర్ అయితే ప్యూర్ సైన్ వేవ్‌దే కావాలి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి ఈ మిషన్‌ను మూడు గంటల పైచిలుకు లాగుతుంది, అదీ బ్యాటరీ కొత్తదైతేనే. ఒక చిన్న సిలిండర్ నింపి రెగ్యులేటర్‌తో సహా మూలన పెట్టి, అది ఎలా తిప్పాలో పేషెంట్‌కే నేర్పించాలి. కొడుక్కి మాత్రమే నేర్పితే, కొడుకు ఆఫీసుకు వెళ్లిన ఆ పది గంటలూ పెద్దాయనకు గుండె దడే.

పూజగది, వంటిల్లు

నిప్పు దగ్గర ఆక్సిజన్ ప్రమాదం, నిజమే. దీపం, అగరబత్తి, గ్యాస్ పొయ్యి, బీడీ ఏదైనా సరే మూడు మీటర్ల దూరం పాటించాలి. కానీ ఈ జాగ్రత్త చెప్పే తీరు వల్ల ఆవిడకు వంటిల్లు, ఆయనకు పూజగది ఒక్క రోజులో మూసేస్తున్నారు. ఊళ్లో నలభై ఏళ్లు కట్టెల పొయ్యి ఊది ఊది సీఓపీడీ తెచ్చుకుని, ఇప్పుడు కూకట్‌పల్లిలోనో ఉప్పల్‌లోనో కొడుకు దగ్గరుంటున్న అమ్మకు ఆ వంటిల్లే మిగిలిన పెత్తనం. అది కూడా పోయాక "నేనెందుకింక" అనే మాట వస్తుంది.

చేయాల్సింది ఇది. ఆక్సిజన్ లేని గంటలను పూజ వేళకు సర్దండి. మిషన్ ఆపి, పైపు తీసి, ఇరవై నిమిషాల నుంచి అరగంట ఆగాలి. ఎందుకంటే చీర, శాలువా మడతల్లో ఆక్సిజన్ కొంతసేపు నిలిచి ఉంటుంది. ఆ తర్వాత దీపం వెలిగించవచ్చు. అగరబత్తి, సాంబ్రాణి పొగ మాత్రం వద్దు, అది ఊపిరితిత్తికే చేటు. వంటలో అయితే పొయ్యి ఇంకొకరికి వదిలి, హాల్లో కూర్చుని కూరగాయలు తరగడం, పప్పు ఏరడం, పోపు ఎంతో చెప్పడం ఆవిడకే ఉంచండి. ముక్కు ఎండిపోతే వ్యాజిలిన్, కొబ్బరినూనె రాయకూడదు, నీటితో చేసిన జెల్ వాడాలి. చెవుల వెనక పుండ్లు పడకుండా మెత్తటి క్యాన్యులా అడగండి. లేదా పైపు ఆనే చోట గాజ్ (పుండ్లకు కట్టే పలచటి) గుడ్డ చుట్టండి. ఇంత చిన్న పుండు కూడా రోజూ గుచ్చుతుంటే మనిషి విసిగిపోయి మిషన్‌నే మానేస్తాడు.

ఆక్సీమీటర్ మీద కళ్లు

మిషన్‌తో పాటు ఆక్సీమీటర్ కూడా ఇస్తారు, ఎన్నిసార్లు చూడాలో చెప్పరు. దాంతో వేలికి పొద్దస్తమానం అదే. 93 నుంచి 91కి దిగితే గుండె దడ, దడకు ఊపిరి పైపైన, ఆ భయంతో నాబ్ తిప్పి లీటర్లు పెంచుకోవడం. ఇక్కడే అసలు ప్రమాదం. సీఓపీడీలో సాధారణంగా 88 నుంచి 92 మధ్య ఉంటే చాలు. ఇష్టమొచ్చినట్టు పెంచితే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. లేవగానే తలనొప్పి, పగలంతా మగత, మాట తడబాటు, ఎవరితోనూ కలవకపోవడం ఇవన్నీ దాని గుర్తులు. చూసేవాళ్లకు అది అచ్చం డిప్రెషన్‌లాగే ఉంటుంది. కొత్తగా ఇలాంటి మగత వస్తే సైకియాట్రిస్టు కంటే ముందు ఆ రోజే ఆస్పత్రికి వెళ్లి ఏబీజీ చేయించాలి. డాక్టర్ రాసిన లీటర్లను ప్లాస్టర్ మీద రాసి నాబ్ పక్కనే అంటించండి. రీడింగ్ రోజుకు రెండుసార్లు, ఒంట్లో తేడా అనిపిస్తే ఇంకోసారి చాలు. చల్లటి వేళ్లకూ, గోరింటాకు, నెయిల్ పాలిష్ పెట్టిన గోళ్లకూ అంకె తప్పు రావచ్చు.

శాచురేషన్ 94 ఉన్నా ఆయాసం ఉండవచ్చు. పాత గాలి బయటికి పోక ఛాతీ ఉబ్బి ఉండడం వల్ల వచ్చే ఆయాసానికి లీటర్లు పెంచి లాభం లేదు. ముందుకు వంగి మోచేతులు మోకాళ్ల మీద ఆనించి, ముక్కుతో రెండు లెక్కపెట్టేంత పీల్చి, పెదవులు ఈల వేసినట్టు పెట్టి నాలుగు లెక్కపెట్టేంత వదలాలి. చేతిలో పట్టే చిన్న బ్యాటరీ ఫ్యాన్‌ను ముక్కు, బుగ్గల మీదికి తిప్పుకుంటే ఆయాసం తెలిసేంతగా తగ్గుతుంది. మిషన్ అద్దెతో పోలిస్తే దాని ధర ఎంత! అయినా ఏ సర్వీసు కిట్‌లోనూ అది ఉండదు.

మనసును అడిగే పద్ధతి

వారం తర్వాత కంపెనీ నుంచి ఫోన్ వస్తుంది. "మిషన్ బాగా పనిచేస్తోందా అండీ?" ఇంకో రెండు ప్రశ్నలు అడిగితే ఎంత మేలో. గత రెండు వారాల్లో, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం ఎన్ని రోజులుంది? దిగులుగా, ఏ ఆశా లేనట్టు ఎన్ని రోజులనిపించింది? అసలు లేకపోతే 0, కొన్ని రోజులుంటే 1, సగం కంటే ఎక్కువ రోజులుంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. రెండూ కలిపి 3 వచ్చినా, దాటినా డిప్రెషన్‌ను కొలిచే తొమ్మిది ప్రశ్నల పూర్తి పీహెచ్‌క్యూ-9 ప్రశ్నావళికి వెళ్లాలి. అందులో మొత్తం 27కి 10, ఆ పైన వస్తే డాక్టర్ చూడాల్సిందే. ఇంట్లోవాళ్లే ఇది చేయవచ్చు, పెద్దవాళ్లు తీరిగ్గా ఉన్న వేళ, చుట్టాల ముందు కాకుండా.

ఒక చిక్కుంది. అలసట, నిద్ర లేకపోవడం, ఆకలి మందగించడం ఊపిరితిత్తుల జబ్బులో మామూలుగానే ఉంటాయి కాబట్టి ఆ ప్రశ్నలు అంకెను పెంచేస్తాయి. ఆసక్తి పోవడం, తన మీద తనకే చులకన, చావు ఆలోచనలు, ఈ మూడింటికీ ఎక్కువ విలువివ్వాలి. ఒంటి లక్షణాలను వదిలేసి మనసునే అడిగే హాడ్స్ ప్రశ్నావళి ఈ జబ్బుల్లో బాగా పనికొస్తుంది. పీహెచ్‌క్యూ-9లో తొమ్మిదో ప్రశ్న, అంటే చనిపోతే బాగుండు అన్న ఆలోచనకు 0 కాక ఏ జవాబు వచ్చినా ఆ రోజే కదలాలి. ఒంటరిగా వదలకండి, మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకోండి, మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో కేంద్రం మొదలుపెట్టిన ఈ లైన్ 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

మందుల చీటీ కూడా ఓసారి తిరగేయాలి. ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ నిద్ర, మూడ్ రెండూ పాడుచేయగలదు. ఉబ్బసానికి, అలర్జీకి ఇచ్చే మాంటెలుకాస్ట్ మనసు మీద చూపే ప్రభావాల గురించి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020లో గట్టి హెచ్చరిక ఇచ్చింది. ఊపిరి గొట్టాలను విప్పే డెరిఫిలిన్, సాల్బుటమాల్ వల్ల చేతుల వణుకు, గుండె దడ వచ్చి ఆందోళనలాగే అనిపిస్తాయి. వీటిని సొంతంగా ఆపకండి, డాక్టర్‌ను అడగండి. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకోవాలి. డిప్రెషన్‌కు సాధారణంగా సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివి రాస్తారు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. పది రోజులకే "పనిచేయట్లేదు" అని మానేయడమే ఎక్కువగా జరిగే తప్పు. ఎవరో చెప్పారని మెడికల్ షాపులో ఆల్ప్రాజోలామ్ (ఆందోళన తగ్గించే, మగత తెచ్చే మాత్ర) తెచ్చి వేయకండి, కార్బన్ డయాక్సైడ్ పేరుకునేవాళ్లకు అది ఊపిరినే మందగింపజేస్తుంది.

ఎర్రగడ్డలో ఛాతీ ఆస్పత్రి, మానసిక ఆరోగ్య సంస్థ రెండూ ఉన్నాయి, మెట్రో స్టేషన్ కూడా ఉంది. కానీ ఈ ఊళ్లో "ఎర్రగడ్డ" అంటేనే పిచ్చి అని వెక్కిరించే అలవాటు వల్ల పెద్దవాళ్లు ససేమిరా అంటారు. అలాంటప్పుడు గాంధీ, ఉస్మానియా లాంటి జనరల్ ఆస్పత్రిలో సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్లండి. లేదా ఛాతీ డాక్టర్ చేతే మొదటి మందు రాయించండి. "మీ ఆయాసం తగ్గడానికి ఇది కూడా చికిత్సే నాన్నా" అంటే అబద్ధం కాదు. ఎందుకంటే దిగులు తగ్గితే నడక పెరుగుతుంది.

మందుకు దీటుగా పనిచేసేది పల్మనరీ రీహాబ్, అంటే ఊపిరితిత్తుల జబ్బు ఉన్నవాళ్లకు పర్యవేక్షణలో చేయించే వ్యాయామ శిక్షణ. వారానికి రెండు మూడుసార్లు, ఆరు నుంచి పన్నెండు వారాలు. ఆయాసంతో పాటు డిప్రెషన్, ఆందోళన కూడా తగ్గుతాయని పరిశోధనలు గట్టిగానే చెబుతున్నాయి. నగరంలో పెద్ద ఆస్పత్రుల్లో దొరుకుతుంది. వెళ్లలేనివాళ్లు డాక్టర్ సరేనన్నాక అపార్ట్‌మెంట్ కారిడార్‌లో మొదలుపెట్టవచ్చు. రెండు నిమిషాల నడక, ఒక నిమిషం కుర్చీ, ఇలా ఐదు విడతలు. ఆయాసం పదికి మూడు నాలుగు వరకు రావాలి, అంతకు మించితే ఆగాలి. శాచురేషన్ 85 దాకా పడితే ఆపి డాక్టర్‌కు చెప్పాలి. డిసెంబర్, జనవరి చలి పొద్దుల్లో బయటికి వద్దు, పది దాటాక ఎండ పొడలో చాలు.

అద్దె ఒప్పందం మీద సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు రాయించుకోండి. మిషన్ పాడైతే ఎన్ని గంటల్లో మార్చి ఇస్తారు, మధ్యలో సిలిండర్ ఎవరిది, పైపు ఎన్ని మీటర్లు, డిపాజిట్ ఎప్పుడు తిరిగిస్తారు. మొదట్లోనే కొనేయకండి. జబ్బు ముదిరి ఆస్పత్రిలో చేరి, డిశ్చార్జిలో ఆక్సిజన్ రాయించుకున్న చాలామందికి కొన్ని వారాల్లో అవసరం తగ్గిపోతుంది. 60 నుంచి 90 రోజుల మధ్య మళ్లీ పరీక్ష చేయించాలి. సర్వీసులు గుర్తుచేయవు, అద్దె నడుస్తూ ఉంటుంది. పెద్దాయన మాత్రం "ఇది జన్మకంతా" అనుకుని కుంగిపోతూ ఉంటారు. మిషన్ వచ్చిన రోజే క్యాలెండర్‌లో ఆ తారీఖు గుర్తుపెట్టి ఆయనకు చూపించండి. ఇక అవసరం లేదని తేలితే డిపాజిట్ రసీదు, అవర్ మీటర్ ఫోటో దగ్గర పెట్టుకుని మిషన్ వెనక్కి పంపండి. ఇంకా కావాలని తేలితే మిషన్ ధరను నెల అద్దెతో భాగించి చూడండి. ఉదాహరణకు 45 వేల మిషన్, 5 వేల అద్దె అయితే తొమ్మిది నెలలకు సరి. అంతకంటే ఎక్కువ కాలం వాడాల్సి ఉంటే కొనుక్కోవడమే నయం.